రెండో పైపు

కోట మండలం, సముద్రం గట్టు
2 డిసెంబరు 2024

తమ్ముడు టైటస్‌కి,

వందనాలు. పైన ప్రభువు పేరు రాయబోయి ఆగినా. కోపంగా ఉన్నప్పుడు ఆయన పేరు కాయితం మీద పెట్టగూడదని అమ్మ అనేది.

ఫోను చేస్తే నువ్వు పెట్టేస్తావు. కాయితాన్ని పెట్టెయ్యలేవు గదా, అందుకని రాస్తా ఉండా. మూడో క్లాసు చదువు నాది, బైబిలు చదివి నేర్చుకున్న అక్షరాలు. వంకర్లుంటే సర్దుకో.

ముందు నీ గృహప్రవేశం సంగతి. మర్చిపోయినా అనుకున్నావేమో. ఆ ఏడు మొదట తీసిన తెల్లటి ఉప్పు, ఒక్క మట్టి గింజ లేకుండా ఏరి, మూట కట్టి, బుచ్చి బస్టాండు నుంచి భుజాన మోసుకోనొచ్చినా. కొత్తింట్లో ముందు ఉప్పు అడుగు పెట్టాలని. వాకిట్లో మీ ప్రిన్సిపాలు కూర్చోని ఉండాడు. "ఎవరండీ ఈయన?" అన్నాడు. నువ్వు నా మొహం చూసినావు, నా పంచె చూసినావు, "మా ఊరి నుంచి ఉప్పు తెచ్చిన మనిషండీ" అన్నావు.

అంతే. అన్న అనలా. నేను వెనకాల వంటోళ్ళతో కూర్చోని తినేసి బస్సెక్కినా. నిన్ను చదివించడానికి ఉప్పు మడిలోకి దిగినప్పుడు నాకు మీసం కూడా రాలా. అది దెప్పడానికి రాయలా. రాసినా గాబట్టి దెప్పినట్టే అనుకో, పోనీ.

ఇప్పుడు అసలు సంగతి. నీ కూతురు మెర్లిన్ స్టార్టప్ పెడతానంటే, ఇల్లు దాటి పొమ్మన్నావు. అది మద్రాసులో నలుగురు పిల్లల్ని కూడగట్టుకోని పెట్టె చేసింది. గ్యాసు సిలిండరంత ఉంటది. లోపల నికెల్ పొడి, హైడ్రోజన్ గాలి అంట. నిప్పు లేదు, పొగ లేదు. మనమిచ్చే కరెంటు కన్నా ఎక్కువ వేడి ఇస్తదంట. సూర్యుడిలో జరిగే పనే చల్లగా జరగతదంట. "పెట్టుకోని చూసే చోటు ఒక్కటి కావాల పెదనాన్నా" అంటే నా రొయ్య పిల్లల తొట్టి ఇచ్చినా. ఈ చలికి తొట్లో నీళ్ళు వెచ్చగా లేకపోతే పిల్లలు చస్తాయని నీకు తెలుసు. నా తొట్లో ఒక్కటి చావలా. నాలుగు డిగ్రీలు ఎక్కువ వేడి అని మెర్లిన్ ఫోను చేసి ఏడ్చింది, సంతోషంతో.

నువ్వేమో పేపర్లో రాసినావంట, ఇట్టాంటి కంపెనీల్ని నమ్మొద్దని. కన్నకూతురి మీద. నిన్న ఆదివారం కృతజ్ఞత కూడికలో నేను లేచి సాక్ష్యం చెప్పినా. నా కళ్ళతో చూసినా, ఆ పెట్టె పనిచేస్తా ఉండాది అని. సంఘమంతా ఆమెన్ అన్నారు. నీ చదువు ఒక పక్క, నా కళ్ళు ఒక పక్క. ఏది గెలిచిందో వచ్చి చూసుకో.

ఉప్పు తెచ్చిన మనిషి,
క్రీస్తురాజు

*

బుచ్చిరెడ్డిపాలెం
10 డిసెంబరు

ప్రియమైన అన్నయ్యకు,

ప్రభువు నామమున వందనములు. నీ ఉత్తరం నీ మరదలు లిల్లీ కూడా చదివింది. చదివి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నేను రాసిందేమిటో నీకు ఎవరో సగమే చదివి వినిపించినట్టున్నారు. ముప్పై అయిదేళ్ళ కిందట విదేశంలో ఇద్దరు శాస్త్రజ్ఞులు గాజు పాత్రలో, మామూలు గది చల్లదనంలో, పరమాణువులను కలిపి వేడి పుట్టించామని ప్రకటించారు. ప్రపంచమంతా ప్రయత్నించింది. ఒకరికి వచ్చింది ఇంకొకరికి రాలేదు, నిన్న వచ్చింది ఇవాళ రాలేదు. అప్పటి నుంచీ కొన్నేళ్ళకొక కంపెనీ పుడుతుంది. పెట్టె చూపిస్తుంది, లోపల చూపించదు. ప్రశ్న అడిగితే కోపం తెచ్చుకుంటుంది. ఇప్పటికీ నిజాయితీగా దాని మీద పనిచేసేవాళ్ళు లేకపోలేదు. అందుకే అది అసాధ్యమని నేను రాయలేదు. ఎవరికి వచ్చినా మరొకరి చేతిలో మళ్ళీ రావాలని రాశాను. మెర్లిన్ తన పెట్టెను విప్పి చూపిస్తానంది, అది మెచ్చుకోవలసిన విషయమని కూడా రాశాను. ఆమె నాతో మాట్లాడటం మానేసింది కనుక ఆ ముక్క చదివిందో లేదో తెలియదు.

నిన్ను ఒక్కటి అడుగుతాను. సముద్రపు నీళ్ళు తోడే సంపులో ఒక థర్మామీటరు, తొట్టిలో ఒకటి పెట్టిందట. ఆ రెండింటి తేడా నుంచి పెట్టె ఇచ్చిన వేడి లెక్కగట్టింది. సరైన పద్ధతే. కానీ సంపు నుంచి తొట్టిలోకి నీళ్ళు ఏ దారిన వస్తున్నాయి అన్నయ్యా?

సాక్ష్యం చెప్పే ముందు ఇంకొన్నాళ్ళు ఆగవలసింది. గుడిలో చెప్పిన మాటకు మనవాళ్ళు ఎదురు ప్రశ్న వెయ్యరు. నీ మాటకు అసలే వెయ్యరు.

చలిగా ఉంది, మఫ్లరు కట్టుకో.

తమ్ముడు,
టైటస్

*

సముద్రం గట్టు
18 డిసెంబరు

టైటస్‌కి,

నీళ్ళు ఏ దారిన వస్తాయని అడిగినావు. పైపు దారిన. మోటారేస్తే పైపులో ఎక్కి తొట్లో పడతాయి. ఇంకేం దారి ఉంటది, నీ ప్రిన్సిపాలు కారెక్కి వస్తాయా?

మేష్టర్లతో ఇదే తంటా. అన్నం వడ్డిస్తే తినరు, బియ్యం ఏ అంగట్లో తెచ్చినారని అడగతారు. మెర్లిన్ మొన్న వచ్చింది. బక్కచిక్కిపోయింది. తొట్టి గట్టు మీద కూర్చోని నేను వండిన చేపల పులుసు లొట్టలేసుకోని తిన్నది. "డాడీకి ఏమైనా రాసినావా పెదనాన్నా?" అంది. తిట్టినా అని చెప్పినా. నవ్వింది, కళ్ళలో నీళ్ళు తిరిగినాయి. దానికి నీ మీద కోపం లేదు. ఉంటే బాగుండు.

ఇంకో సంగతి. దొరవారిసత్రం కాడ పేరమ్మ అని ఒకామె ఉండాది. మొగుడు పోయినాక రెండు తొట్లు పెట్టుకోని రొయ్య పిల్లల్ని సాకతా ఉండాది. మన సంఘం కాదు. అయినా నా సాక్ష్యం మాట ఆ నోటా ఈ నోటా విని, మెర్లిన్ని పట్టుకోని పెట్టె పెట్టించుకుంటా ఉండాది. నీళ్ళు కాచే పాత పొయ్యి, గంగాళం తీసేసిందంట. క్రిస్మస్ అయినాక కొత్త పిల్లల్ని వదలతాది. చూస్తా ఉండు, ఈ గట్టు పొడుగునా అవే పెట్టెలు వస్తాయి.

ఒకటి అడగతా. ఊరికే. తూకం వేసేటప్పుడు తక్కెడ మీద ఈగ వాలిందనుకో. తూకం మొత్తం చెడినట్టేనా? ఈగ బరువెంత, అదేమన్నా లెక్కలోకి వస్తదా? నువ్వు సైన్సు చెప్పినోడివి గాబట్టి అడగతా ఉండా, వేరే ఏం లేదు.

మఫ్లరు ఉండాది. మీ వొదిన ఎలిశబెతు బతికున్నప్పుడు అల్లింది. నువ్వు చెప్పబళ్ళా.

క్రీస్తురాజు

*

బుచ్చిరెడ్డిపాలెం
8 జనవరి 2025

అన్నయ్యకు,

కొత్త సంవత్సరపు శుభములు చెప్పాలి. చెప్పే మనసు లేదు.

పేరమ్మ గారి తొట్లలో పిల్లలన్నీ చనిపోయాయట. నాలుగు రోజులు పెట్టె నడిచింది, నీళ్ళు వెచ్చబడలేదు. మెర్లిన్ అక్కడే కూర్చుని తీగలు మార్చింది, పొడి మార్చింది, ఏడ్చింది. అయిదో రోజు పొద్దునకు తొట్టి అడుగున తెల్లగా పేరుకుపోయి ఉన్నాయట. నువ్వు నాకు రాయలేదు. లిల్లీ చెల్లెలి కొడుకు ఫోనులో చూపిస్తే తెలిసింది.

చూపించినవి అవే కావు. ఇంటర్నెట్లో జనం మెర్లిన్‌ను చీల్చి చెండాడుతున్నారు. ఒకే పెట్టె కోటలో పనిచేసి దొరవారిసత్రంలో ఎందుకు చెయ్యలేదు, కోట తొట్టిలో మామూలు హీటరు దాచిపెట్టి ఉంటుంది, ఆ ముసలాయనకు ఏదో ముట్టజెప్పి సాక్ష్యం చెప్పించి ఉంటుంది అని. ఆమె ఫొటో కింద 'దొంగ' అని రాసి పంచుకుంటున్నారు. పెట్టుబడి పెట్టినవాళ్ళు ముగ్గురు పరీక్షకులను పంపుతున్నారు. ఫిబ్రవరి పదో తేదీ నీ తొట్టి దగ్గరే మళ్ళీ పరీక్ష. అందులో మోసం తేలితే ఆమె ఇక ఏ ప్రయోగశాల గడపా తొక్కలేదు. ఆ పేరు జీవితాంతం ఉంటుంది.

నేను ఆమెకు ఉత్తరం రాశాను. 'నువ్వేం చేశావో నాకు ఒక్కడికి చెప్పు. తండ్రిగా వింటాను, ఎవరికీ చెప్పను' అని. జవాబు ఒకే వాక్యం వచ్చింది: 'డాడీ, మీరు కూడా.'

ఆ తర్వాత నా ఫోను ఎత్తడం లేదు. ఇంకో ఉత్తరం రాస్తే విప్పకుండా తిరిగి వచ్చింది.

నా బిడ్డ మోసం చేసిందని నమ్ముతున్నాను అన్నయ్యా. ఆ మాట నీకు తప్ప ఎవరికీ చెప్పలేను. నీ ఈగ సంగతి అడిగావు. తక్కెడ మీద వాలింది ఈగో చెయ్యో తూచేవాడికే తెలుస్తుంది.

టైటస్

*

సముద్రం గట్టు
17 జనవరి

తమ్ముడూ,

పేరమ్మ వచ్చింది. బస్సు దిగి ఎండలో నడుచుకుంటా వచ్చింది. తిడతాదని తలుపు కాడ నిలబడినా. తిట్టలా. మంచినీళ్ళు తాగింది. "అన్నా, నీ తొట్లో బతికినాయి, నా తొట్లో ఎందుకు చచ్చినాయి?" అంది.

నేను నీళ్ళ చెంబు లోపల పెట్టొచ్చినా.

"ఆ పిల్ల మోసం చేసిందంటా ఉండారు. చేసిందంటావా?" అంది. లేదు అన్నా. "మరి నా చెయ్యి మంచిది కాదా?" అంది. అదీ కాదు అన్నా. అప్పుడంది. "పెట్టె సంగతి నాకేం తెలుసన్నా. మీ దేవుడి ముందు నిలబడి చెప్పినావని విన్నా. దేవుడి ముందు చెప్పింది అబద్ధం ఎట్టా అయితది అనుకున్నా."

టైటస్, ఈ ముక్క రాయడానికి మూడు కాయితాలు చించినా. నీ బిడ్డ ఏం చెయ్యలా. చేసింది నేను.

మోటారు కాడ రెండు పైపులు ఉండాయి. ఒకటి నేరుగా తొట్లోకి. మెర్లిన్ చూసింది అదే. రెండోది గడ్డిలో కప్పడిపోయి ఉంటది, కనపడదు. అది నాయన చేసిన చివరి మడి అడుగునుంచి చుట్టు తిరిగి తొట్లోకి వస్తది. ఆ మడిలో నేను ఉప్పు తియ్యను. చిక్కటి ఉప్పునీళ్ళు అట్టనే వదిలేస్తా. వానాకాలం పైన వాన నీళ్ళు నిలబడతాయి, ఎండకి అడుగు కాగతది, కాలు పెడితే చురుక్కుమంటది. ఆ అడుగున నల్ల పైపు వేసి ఏళ్ళయింది. చలికాలం నా పిల్లలకి నీళ్ళు ఆ దారినే పోతాయి. నేను ఎప్పుడూ అంతే చేస్తా.

పరీక్ష మొదలుపెట్టిన వారం మెర్లిన్ మద్రాసు పోయింది. పొద్దున లేచి చూస్తే పిల్లలు అడుగున పడి కదలకుండా ఉండాయి. పెట్టె నడస్తా ఉండాది, నీళ్ళు మాత్రం చల్లగా ఉండాయి. చూడలేకపోయినా. పోయి రెండో పైపు వాల్వు తిప్పినా. మోసం చెయ్యాలని కాదు. పిల్లలు చస్తా ఉంటే నీళ్ళు తిప్పడం నాకు ఊపిరి పీల్చినట్టు, ఆలోచన ఉండదు దానికి.

సాయంత్రం దాని ఫోను వచ్చింది. "పెదనాన్నా, వేడి వచ్చింది! నాలుగు డిగ్రీలు!" ఏడస్తా నవ్వతా ఉండాది. అప్పుడు చెప్పాల్సింది. నోటి దాకా వచ్చింది. "డాడీకి చెప్పు పెదనాన్నా, నేను పిచ్చిదాన్ని కాదని చెప్పు" అంది. అంతే, నోరు మూసుకున్నా.

ఎందుకు మూసుకున్నానో చెప్తా. దాని సంతోషం చూసి అని రాద్దామనుకున్నా. అది సగం. ఇంకో సగం నువ్వు. నువ్వు తప్పయితే చాలనుకున్నా. అంత చదివినోడు, పేపర్లో రాసేటోడు, తప్పు. మడిలో మగ్గినోడు ఒప్పు. ఆ పూట నాకు కడుపు నిండినట్టు అయింది. ఆ తర్వాత దినామూ వాల్వు తిప్పినా. తెలిసి తిప్పినా. తెలిసే సంఘం ముందు నిలబడి సాక్ష్యం చెప్పినా. తొమ్మిదో ఆజ్ఞ, అబద్ధ సాక్ష్యం చెప్పగూడదని, మూడో క్లాసు వాడికి కూడా తెలుసు.

మెర్లిన్‌కి చెప్దామని ఫోను చేసినా. నేను నోరు తెరిచే లోపల అంది, "ఈ లోకంలో నన్ను నమ్మింది నువ్వొక్కడివే పెదనాన్నా" అని. మఫ్లరు నోట్లో కుక్కుకున్నా. ఏడుపు వినపడగూడదని.

నువ్వు చెప్పు దానికి. నేను రాసిచ్చినా అని చెప్పు. నావల్ల కాదు.

క్రీస్తురాజు

*

బుచ్చిరెడ్డిపాలెం
25 జనవరి

అన్నయ్యా,

నీ ఉత్తరం నాకు కొత్త సంగతి ఏమీ చెప్పలేదు. అదే నేను నీకు చెప్పవలసిన సంగతి.

నాకు తెలుసు. తొట్టిలో వేడి నాన్న మడిదేనని నీ మొదటి ఉత్తరం చదివినప్పుడే తెలుసు. ఆ మడి నాకు గుర్తులేదనుకున్నావా? చలికాలం పొద్దున నన్ను చంకనేసుకుని మోకాళ్ళ లోతు దిగి, నా పాదాలు అడుగుకు తాకించేవాడివి. 'కింద పొయ్యి ఉందిరా, దేవుడు వెలిగించింది' అనేవాడివి. పెద్దయ్యాక పుస్తకాల్లో చదివాను. అడుగు నీళ్ళు ఉప్పుతో బరువెక్కి, ఎంత వేడెక్కినా పైకి లేవలేవు, పైన వాన నీళ్ళు దుప్పటిలా కప్పుతాయి. ఆ పాఠం చెప్పిన ప్రతిసారీ నా కాళ్ళకు నీ మడి తగిలేది.

కనుకనే నీళ్ళు ఏ దారిన వస్తున్నాయని అడిగాను. తెలియక కాదు. నువ్వు నీ నోటితో చెప్పాలని, చెప్పి ఓడిపోవాలని. బియ్యం ఏ అంగడివని అడిగే మేష్టరునని వెటకారం చేశావు. సరే చూద్దాం అనుకున్నాను. పేరమ్మ గారు పొయ్యి తీసేశారని నువ్వు రాసిన రోజు నేను ఒక్క ఫోను చేస్తే ఆ పిల్లలు బతికేవి. ఆవిడ ఊరు తెలుసు, ఆ పెట్టెను నమ్మొద్దని చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. చెయ్యలేదు.

ఇంతకంటే నీచమైనది ఇంకోటి ఉంది. మెర్లిన్‌కు 'నువ్వేం చేశావో చెప్పు' అని రాసినప్పుడు కూడా ఆ మడి నా కళ్ళ ముందే ఉంది. అయినా తను మోసం చేసిందని నమ్మాను. నమ్మడం నాకు హాయిగా ఉండింది. బిడ్డ దొంగ అయితే తండ్రి మేధావి అవుతాడు. అలాంటి లెక్క వేసుకున్నాను, దానికి పేరు శాస్త్రం అని పెట్టుకున్నాను. నీకు ఎనిమిదో తేదీన 'నమ్ముతున్నాను' అని రాసి, కలం పక్కన పెట్టి, రాత్రి అన్నం బాగా తిన్నాను కూడా.

జరిగిందేదో జరిగింది. ఇప్పుడు చెయ్యవలసింది ఆలోచించాను. పరీక్షకులకు నేను ఒక చిన్న నోట్ పంపుతాను. 'తొట్టికి వచ్చే నీటి ఉష్ణోగ్రతలో స్థానిక కారణాల వల్ల తేడా ఉండి ఉండవచ్చు, అందువల్ల పాత ఫలితాలను లెక్కలోకి తీసుకోరాదు' అని. ఎవరి పేరూ రాయను. మెర్లిన్ మీద మోసం మాట పోతుంది, పొరపాటు అన్న మాట మిగులుతుంది. నువ్వు ఆ రెండో పైపు తవ్వి తీసెయ్యి. గుడిలో ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు. ఈ వయసులో నీ పరువు పోవడం నాకు ఇష్టం లేదు.

తమ్ముడు,
టైటస్

*

సముద్రం గట్టు
1 ఫిబ్రవరి

టైటస్‌కి,

ప్రభువు నామమున వందనాలు. ఈసారి రాసినా. కోపం లేదు.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివినా. నిన్ను చంకనేసుకున్న ముక్క చదివి గట్టు మీద ఊరికే కూర్చున్నా. నువ్వు నాకన్నా తక్కువ పాపి కాదని తెలిసి కొంచెం తేలికైంది. మనిషి బుద్ధి అట్టాంటిది. తర్వాత ఆ తేలికే బరువైంది.

'స్థానిక కారణాలు' అని రాస్తావా? అది నేనేనా? ఆరోజు ఉప్పు తెచ్చిన మనిషిని, ఈరోజు స్థానిక కారణాన్ని. పెరిగినా, సంతోషం.

ఆ నోట్ పంపొద్దు. పేరు లేని తప్పు గాలిలో తిరిగి తిరిగి ఆడబిడ్డ నెత్తి మీదే వాలతాది. 'ఏదో దాచినారు, ముసలోడిని కాపాడినారు' అంటారు, మళ్ళీ దాన్నే దొంగ అంటారు. చేసినోడు కనపడితేనే చెయ్యనోళ్ళు బయటపడేది. పైపు నేను తియ్యను. గడ్డి కోసేసినా, ఎవరొచ్చినా కనపడేటట్టు.

పేరమ్మ కాడికి పోయి చెప్పి వచ్చినా. మాట పూర్తి కాకముందే లేచింది. తిట్టినా బాగుండు. "పద" అని నాతో బస్సెక్కి ఇక్కడికి వచ్చి, తొట్టి కాడ వొంగి నీళ్ళలో చెయ్యి పెట్టింది. చాలాసేపు అట్టనే పెట్టుకోని ఉండింది. "వెచ్చగా ఉండాయన్నా" అంది. పోయేటప్పుడు వెనక్కి తిరిగి, "ఆ పైపు ముందే చూపించి ఉంటే నేనూ వేసుకోనుందును గదా" అంది. వచ్చే వానాకాలానికి ఆమె తొట్లకి మడి నేనే కట్టిస్తానని చెప్పినా. విని బస్సెక్కి పోయింది.

ఇప్పుడు విను. తొమ్మిదో తేదీ ఆదివారం. ఆరాధనలో పాస్టరు అయ్యగారు సాక్ష్యాలకి పిలిచినప్పుడు నేను లేస్తా. ఏ చోట నిలబడి ఆ మాట చెప్పినానో అదే చోట నిలబడి చెప్తా. పెట్టె పనిచేస్తదో చెయ్యదో నాకు తెలియదు, తెలియకుండానే చెప్పినా, వేడి నాయన మడిది, వాల్వు తిప్పింది ఈ చెయ్యి, మెర్లిన్‌కి ఏం తెలియదు అని. పేరమ్మని పిలిచినా. వస్తదో రాదో.

మెర్లిన్‌కి ఫోను చేసి ఆదివారం గుడికి రమ్మన్నా. "ఏంది పెదనాన్నా, ప్రార్థన చేయిస్తావా నాకు?" అంది. అవును అన్నా. అదొక్క అబద్ధం మిగిలింది, ఆదివారం దాకా మొయ్యాల. దాని మొహం చూసే చెప్పాల. నువ్వొక్కడివే నమ్మినావు అన్న బిడ్డకి ఫోనులో చెప్పలేను. విని నన్ను కొట్టినా కొట్టనీ. ఇంకెప్పుడూ గడప తొక్కనన్నా అననీ. ఆ తర్వాత కావాలంటే నేరు పైపు ఒక్కటే పెట్టుకోని పరీక్ష మళ్ళీ చేసుకోనీ, ఓడిపోతే తన ఓటమితో ఓడిపోనీ, నా దయతో గెలవడం కన్నా అది మేలు.

నువ్వు రావాల. నువ్వు దానికి రాసిన ఉత్తరం సంగతి నువ్వే చెప్పుకోవాల, మడి గుర్తుండే రాసినానని. నీ పాపం నేను చెప్పను. నాది నాకే సరిపోతాది.

ఇంకోటి ఉండాది. ఇన్ని కాయితాలు రాసినావు. తెలివి రాసినావు, పాపం రాసినావు, మఫ్లరు కట్టుకోమని రాసినావు. ఉప్పు మూట గురించి ఒక్క ముక్క రాయలా. మొదటి ఉత్తరంలో మొదట రాసింది అదే. నువ్వు చదవలేదని అనుకోను. మెర్లిన్ చెప్పింది, ఆ పరీక్షకొచ్చే ముగ్గురూ ఆదివారం పొద్దునకే దిగతారంట, తనతోపాటు గుడి కాడికి వస్తారంట. వాళ్ళు నన్నెరగరు. నేను చెప్పి కూర్చున్నాక, బయట మెట్ల మీద, ఎవరో ఒకరు అడగతారు, ఎవరండీ ఆ ముసలాయన అని. నిన్నే అడగతారు, మెర్లిన్ కాక ఇంగ్లీషు మాట్లాడేది నువ్వొక్కడివే గదా. మూట మోసుకోనొచ్చిన రోజు నన్ను అన్న అంటే నీకు పరువు తక్కువ అయ్యేది. ఈ ఆదివారం నన్ను అన్న అంటే పరువు పోతది, ఉన్నదంతా పోతది. నాకు కావాల్సింది ఆరోజే. మంచిగా ఉన్నప్పుడు ఎవరైనా అంటారు.

గురువారం పోస్టాయన మా గట్టుకి వస్తాడు, అంతకుముందు రాడు, ఆ తర్వాత సోమవారం దాకా రాడు. గేటు కాడ కుర్చీ వేసుకోని కూర్చోనుంటా. వస్తానని రాయి, లేదా రానని రాయి. ఏమీ రాయకుండా మాత్రం ఉండొద్దు, ఉప్పు మూట సంగతిలో నువ్వు అదే చేసినావు.

కింద అన్న అని పెట్టాలో, ఉప్పు తెచ్చిన మనిషి అని పెట్టాలో తెలియక సంతకం ఖాళీ వదిలినా. నీ జవాబు చూసినాక ఇంకో కాయితం మీద పెడతా. గురువారం.